నల్లోడి ముళ్ళు

ముళ్ళపంది ముళ్ళను బాణాల్లా విసురుతుందని మా పామిడిముక్కల వైపు ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. అది విసరదు. ముళ్ళు నిక్కబొడుచుకుని, వెనక్కి తిరిగి, ఒక్కసారిగా మీదికొచ్చి పొడుస్తుంది. మా బాబాయి కుక్క నల్లోడికి జరిగింది అదే. చెరుకు తోటలో ఎలుకల్ని, పందికొక్కుల్ని వేటాడటంలో వాడు మొనగాడు. మొన్న చలికాలం ఒక రాత్రి మూతికీ భుజానికీ తొమ్మిది ముళ్ళతో ఇంటికొచ్చాడు.

బాబాయి కటింగ్ ప్లేయర్ తీశాడు. "ఆగు బాబాయ్, వాడు విదిలించుకుంటే లోపలే విరుగుద్ది" అన్నాను. "ముల్లు కత్తిరిస్తే గాలి పోయి ఊడొస్తదంటగా" అన్నాడు పక్కింటి మామయ్య. ఊడిరాదు సరికదా, పట్టుకోడానికి కొస కూడా మిగలదు.

ఫోన్లో వెతికితే వచ్చిన వీడియోలన్నీ అమెరికావే. అక్కడి ముళ్ళపంది ముల్లు చివర కంటికి కనపడనంత సన్నటి కొక్కేలుంటాయి. మన దానికి అవి ఉండవు. కానీ ముల్లు గట్టిది, లోతుగా దిగుద్ది. విరిగిన ముక్క కండలో కదులుతూ ఎక్కడికైనా పోవచ్చు.

రాత్రంతా వాడు కాళ్ళతో గీక్కోకుండా పట్టుకుని కూర్చున్నాం. తెల్లారాక పశువుల డాక్టరు మత్తిచ్చి, గుచ్చుకున్న దిశలోనే ఒక్కొక్కటీ నిదానంగా లాగారు. నాలుక కింద కూడా వెతికారు. భుజంలోది విరిగితే కోసి తీశారు.

ముళ్ళపందికి ఉచ్చు పెడదామన్నారు కొందరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదని చెప్పి ఆపాను.

పదకొండో రోజు వాడి చంకలో గడ్డ తగిలింది. మేం లెక్కపెట్టని పదో ముల్లు.