పెట్టె సర్దుటకు ముందు

మన ఓరుగంటి సీమలో ఒకరు పరదేశమునకు ప్రయాణమగుచున్నారన్న వార్త తెలిసినంతనే ఇంటిలో మొదట కదలునది పెట్టె. అది అటకమీదనుండి దిగును, దుమ్ము దులిపించుకొనును, నడియింట నిలుచును. అది మొదలు పదునైదు దినములు ఇంటిల్లిపాదికి దానిమీదనే ధ్యాస. మేనత్త సకినాలు పంపును. పిన్నమ్మ కారము దంచును. మామిడికాయల కాలమైనచో మామిడి తొక్కు, కాకున్న చింతకాయ తొక్కు సిద్ధమగును. విమానమువారు విధించిన బరువు మించరాదు గనుక కిరాణా దుకాణమునుండి కాటా తెప్పించి, తూచినదానినే మరల తూచి, రెండు లుంగీలు తీసివేసి ఒక సీసా పెట్టుదురు. ఇక కాగితములో? అవి ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టబడి దేవుని పటము వెనుక నుండును. చివరి రాత్రివరకు వానిని విప్పి చదువువారుండరు.

మేము పెట్టెను నిందింపబోము. పరాయి దేశమున పండ్రెండు గంటలు పనిచేసి వచ్చినవానికి ఇంటి తొక్కు ముద్ద యిచ్చు ఓదార్పు ఏ ఉపన్యాసమును ఈయజాలదు. కాని ప్రయాణ సన్నాహమనగా పెట్టె సర్దుటయే యని మనవారు తలచుచుండుటవలన కలుగు నష్టమును చూచి చూచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన ఊరినుండి పరదేశములకు పోవువారు రెండు తెగలు. 1959లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాలనుండియు, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమునుండియు పట్టాలు గొని అమెరికాకు పోవు యువకులు మొదటివారు. వీరికి ముందు పోయినవారు త్రోవ చూపుదురు. దొరతనపు ప్రశ్నలకు జవాబులు నేర్పుదురు. అక్కడ దిగిన దినమున ఎదురువచ్చి తీసికొనిపోవుదురు. వీరిని గూర్చి మాకంత దిగులు లేదు. రెండవవారు జనగామ, నర్సంపేట, పరకాల ప్రాంతముల పల్లెలనుండి కూలికి, తాపీపనికి, బండి నడపుటకు గల్ఫు దేశములకు పోవువారు. కరీంనగరము, నిజామాబాదు సీమలనుండి పోవువారు అంతకంటె ఎక్కువ. అయినను మనవారును తక్కువవారు కారు.

వలస మనకు క్రొత్త కాదు. 1934లో ఆజంజాహీ మిల్లు వెలసినను అందరు నేతగాండ్రకును అందు పని దొరకలేదు. పద్మశాలీ కుటుంబములు షోలాపురమునకు, భివండికి, సూరతునకు తరలిపోయినవి. ఆ పోవువారు కాజీపేటలో రైలెక్కిరి, అంతియే. వారికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, అరబ్బీ ఒప్పందము లేదు. యజమాని కూలి ఎగవేసినచో మరియొక మగ్గము వెదకికొనిరి. జబ్బు చేసినచో తిరుగు రైలెక్కిరి. సముద్రమున కావల సంగతి అట్లుండదు. అచ్చట మనుష్యుని ఉనికి అంతయు కాగితముమీద నిలిచియుండును. వీసా ఇప్పించిన యజమానిని విడిచి మరియొకని వద్ద పనిచేయుట ఇటీవలి సంస్కరణలచే కొన్ని దేశములలో సులభమైనను, ఆ మార్పునకును కాగితమే కావలెను.

ఇది నేటి మాట కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. చెరకుతోటల పనికి ఒప్పందముపై పోయినవారు అందుండిరి. వారిలో తెలుగువారును కలరు. తరువాత 1903 మొదలు మన వారు చెన్నపట్టణపు మార్గమున ఫిజీ ద్వీపములకు పోయిరి. ఓడ యెక్కు ప్రతివానికి ఒక చీటి వ్రాయబడెడిది: పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, వయస్సు, పొడవు, ఒంటిమీది మచ్చ. నేడు ఆ కూలీల మునిమనుమలు ఆ పాత చీటీలను పట్టుకొని తమ తాతల గ్రామములను వెదకికొనుచు వచ్చుచున్నారు. చిత్రమేమనగా, చీటీ ఓడతో పోయినది. ఇంటిలో మిగిలినదేమియు లేదు. కొడుకు మారిషసునకు పోయెనో, నెటాలునకు పోయెనో, చచ్చెనో, బ్రతికెనో తెలియక కన్నుమూసిన తల్లులెందరో! వారి పేర్లు ఏ దస్త్రమునను లేవు.

ఆ ఒప్పందపు కూలి వ్యవస్థకు 1917లో చేర్పు నిలిచిపోయినది. కాని 'ప్రవాసుల సంరక్షకుడు' అను ఆనాటి అధికారి పేరు నేటికిని నిలిచియున్నది. 1983లో చేసిన ప్రవాస శాసనము ఆ అధికారికి క్రొత్త విధులను అప్పగించినది. పదవ తరగతి దాటని వాని పాస్‌పోర్టు మీద అనుమతి కావలెనను గుర్తుండును. అట్టివాడు 18 దేశములకు, అనగా గల్ఫు దేశములకును మరికొన్నింటికిని, కొలువునకై పోవలెనన్నచో సంరక్షకుని అనుమతి పొందవలెను. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన చేరును. ప్రమాదవశమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయల బీమా. దానికి కట్టవలసినది, పన్ను గాక, రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. మన ఇండ్లలో తొక్కునకు పట్టు నూనె ఖర్చు ఇంతకంటె ఎక్కువ!

ఈ మార్గమును తప్పించుటకే దళారులు 'విజిటింగు వీసా' అను మాటను మన పల్లెలకు తెచ్చిరి. చూచివచ్చుటకు పోవుచున్నట్లు పోయి, అచ్చట పని వెదకికొనవచ్చునని చెప్పుదురు. అట్లు పోయినవానికి సంరక్షకుని అనుమతి లేదు, బీమా లేదు, ఒప్పందము లేదు. అతడు పనిచేయుచున్నాడని చూపు కాగితమొకటియు ఏ దేశముననులేదు. నమోదైన దళారి సేవకై తీసికొనదగిన రుసుము పన్ను గాక 30,000 రూపాయలకు మించరాదని నియమము. నమోదైనవారి పేర్లు 'ఈ-మైగ్రేటు' అను సర్కారు వ్యవస్థలో ఎవరైనను చూచుకొనవచ్చును. లక్షన్నర అడిగినవానిని 'రసీదు ఇచ్చెదవా' యని ఒక్క మాట అడిగినచో చాలును. వాని ముఖము చెప్పును.

లక్షన్నర యనగా ఎంతయో లెక్కవేసి చూతము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ మన పల్లెలలో వింత కాదు. నెలకు 4,500 రూపాయల వడ్డీ, ఏడాదికి 54,000, రెండేండ్ల ఒప్పందము ముగియునప్పటికి 1,08,000. అసలు అట్లే యుండును. ఈ లెక్క ప్రయాణమునకు ముందు భార్యాభర్తలిరువురు కూర్చుండి గోడమీద బొగ్గుతోనైనను వ్రాయవలసినది. కాని అప్పు పత్రముపై వేలిముద్ర వేయునప్పుడు ఇల్లాలిని పిలుతురు. లెక్క చూచునప్పుడు పిలువరు.

పెట్టెను గూర్చియు ఒక మాట చెప్పకున్న దోషము. మన మాంసపు కూరలలో గసగసాలు లేనిదే రుచి పుట్టదు గదా. కొడుకునకు మసాలా కట్టు తల్లి అవి కొంచెము వేయును. ఎమిరేటులలో గసగసాలు నల్లమందు జాతికి చెందినవగుటచే నిషిద్ధములు. గుప్పెడు గసగసాలతో విమానాశ్రయమున పట్టుబడినవాడు తల్లి ప్రేమను సాక్ష్యముగా చూపజాలడు. కోడీను కలిసిన దగ్గుమందు, ట్రమడాలు వంటి నొప్పిమాత్రలు, నిద్రమాత్రలు కూడ అనుమతి లేనిదే కొనిపోరానివి. వైద్యుని చీటీ వెంటనుంచుకొనుట మంచిది. అయినను అది ఒక్కటే అన్నిచోట్ల చాలదు. ఇవి ముందుగా విచారింపవలసినవి. పెట్టె కట్టు చేతులు ఆడువారివి. ఈ సంగతులు వారికే తెలియకుండుట ఎంత అన్యాయము!

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. మూడేండ్ల క్రిందట హనుమకొండలో మా వాడనున్న ఒక ఇల్లాలు చిన్న బిడ్డను చంకనెత్తుకొని మా ఇంటికి వచ్చినది. భర్త ఫోను మూగవోయి పదునెనిమిది దినములైనదట. ఏ దేశమున నున్నాడని అడిగితిమి. "దుబాయి పోయిండు సారూ" అన్నది. ఏ కంపెనీ అని అడిగితిమి. "దుబాయిల యాడ ఉంటడో, ఏం కంపెనో నాకెర్క లేదు సారూ. గవన్ని ఆయనకే ఎర్క" అన్నది. మన పల్లెలలో గల్ఫు దేశములన్నియు దుబాయియే యను సంగతి చదువరులెరుగుదురు. సౌదీకి పోయినను దుబాయి, మస్కటునకు పోయినను దుబాయి. ఆమె వద్ద నున్నవి ఒక పెండ్లి ఫొటో, పలుకని ఫోను నెంబరు ఒకటి. మన దౌత్య కార్యాలయములు ఆయా దేశములకు వేరువేరుగా నున్నవి. విదేశాంగ శాఖవారు 2015లో నెలకొల్పిన 'మదద్' అను ఫిర్యాదు వ్యవస్థ కలదు. కాని ఎవరి తలుపు తట్టినను మొదట అడుగునది ఒక్కటే: ఎవరు, ఏ పాస్‌పోర్టు నెంబరు, ఏ దేశము, ఏ యజమాని? ఈ నాలుగింటిలో ఆమె చెప్పగలిగినది మొదటిది మాత్రమే.

ఆమె అత్తవారింట వెదకగా వెదకగా బియ్యపు డబ్బా క్రింద పాస్‌పోర్టు నకలు ఒకటి దొరికినది, సగము చినిగినది. దానిని పట్టుకొని, అతనితో పోయిన మరియొక ఊరివాని బావమరదిని పట్టుకొని, అతడున్నది ఒమాను అని తేల్చుకొనుటకు మరి పదునొకండు దినములు పట్టినది. అటుపిమ్మట మూడు దినములలోనే జాడ తెలిసినది. పరంజామీదనుండి జారిపడి కాలు విరిగి ఆసుపత్రిలో నుండెను. ఫోను ఆ పాటునందే పగిలిపోయెను. ఇంటి నెంబరు ఆ ఫోనులోనే యుండెను గాని అతని తలలో లేదు. మనుష్యుడు బ్రతికి వచ్చినాడు గనుక ఈ కథ ఇంత నెమ్మదిగా చెప్పగలుగుచున్నాము. రానివారి సంగతి వేరు. శవము ఇల్లు చేరుటకును, రావలసిన జీతము, పరిహారము రాబట్టుటకును కావలసినవి మరల కాగితములే: పాస్‌పోర్టు నకలు, మరణ పత్రము, వారసత్వ పత్రము, ఇంటివారి సమ్మతి, అధికార పత్రము. దుఃఖములో మునిగిన ఇల్లాలు మండల కార్యాలయపు మెట్లు ఎక్కుచు దిగుచు వానిని కూర్చవలెను. వానిలో సగము ప్రయాణమునకు ముందే ఆమె పెట్టెలో ఉండదగినవి.

కావున మా మనవి యేమనగా, పోవువానికొక పెట్టె సర్దునప్పుడు ఉండునామెకు మరియొకటి సర్దవలెను. అందు పెట్టవలసినవి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమా పత్రము, దళారి రసీదు నకళ్లు. యజమాని పేరు, ఊరు, ఫోను నెంబరు. ఆ దేశపు మన దౌత్య కార్యాలయపు నెంబరు. తోడు పోవు ఊరివాని ఇంటి ఆనవాలు. అసలు పాస్‌పోర్టు పోవువాని వద్దనే యుండవలెను. యజమాని దానిని లాగికొని దాచుట ఎమిరేటులు, సౌదీ, ఖతరు మొదలగు దేశముల శాసనములకే విరుద్ధమని అతడెరిగియుండవలెను. ఒప్పందము అరబ్బీలోనో ఇంగ్లీషులోనో యున్నచో తెలుగున చదివించి విననిదే వ్రాలు చేయరాదు. వినునప్పుడు ఇల్లాలును వినవలెను. డబ్బు వచ్చుటకు ఆమె పేర బ్యాంకు ఖాతా తెరువవలెను. ఇది చెప్పినప్పుడే మనవారి ముఖములు మారును. కొడుకు పంపిన సొమ్ము తండ్రి చేతికో అన్న చేతికో పోవుట మర్యాద యనియు, కోడలి ఖాతాకు పోవుట ఇంటి చీలికయనియు వాదింతురు. అప్పు పత్రముపై కోడలి వేలిముద్ర చీలిక కానప్పుడు జమ పుస్తకముపై ఆమె పేరు చీలిక యెట్లగునో మాకు బోధపడదు.

పెద్దలు మరియొక మాట అందురు: పోవునప్పుడు చావు మాట ఎత్తరాదట, అశుభమట. పెండ్లిలో పురోహితుడు చదువు మంత్రములకంటె బీమా పత్రమున వారసుని పేరు వ్రాయు గడియే ఎక్కువ శుభమని మా అభిప్రాయము. ఆ గడిలో ఎవరి పేరున్నదో ఆమెకే తెలియని ఇండ్లను మేము చూచితిమి.

అమెరికాకు పెండ్లి కూతుండ్రుగా పోవు మన బిడ్డల విషయమునను ఇది కొంత చెల్లును. భర్త కొలువు వీసా నానుకొని హెచ్-4 వీసాపై పోవువారికి అచ్చట పని చేసికొనుటకు చాలకాలము అనుమతియే లేకుండెను; 2015 నుండి కొందరికి మాత్రము దొరికినది. చదువుకొన్న పిల్ల గదా యని మనము నిశ్చింతగా నుందుము. ఆమె పాస్‌పోర్టు, పట్టాలు, పెండ్లి నమోదు పత్రము ఆమె చేతిసంచిలోనే యున్నవా, అత్తవారి పెట్టెలో చేరినవా యని విమానాశ్రయమునకు పోవు కారులోనైనను అడుగు తండ్రులు అరుదు. నగలు ఎన్ని తులములో మాత్రము అందరును ఎరుగుదురు.

2018 మొదలు కూలికి పోవువారికి ప్రయాణపూర్వ శిక్షణ యని ఒక దినపు తరగతి ఉచితముగా నడుచుచున్నది. ఆ దేశపు శాసనములు, ఆచారములు, ఆపదలో పోవలసిన చోట్లు అందు చెప్పుదురు. మంచి పనియే. కాని అందు కూర్చుండువాడు పోవువాడు మాత్రమే. అట్టి తరగతి ఒకటి మన ఓరుగల్లులోనే పెట్టి, ఇండ్లలో నిలుచువారిని కూడ ఆ బల్లలమీద కూర్చుండబెట్టవలెనని మేము కోరుచున్నాము. ఇందుకు గొప్ప సొమ్ము అక్కరలేదు. ఒక బడి గది, ఒక ఆదివారము చాలును.

మేము చెప్పిన ఇల్లాలి భర్త కాలు అతికిన పిమ్మట గత సంవత్సరము మరల పోయినాడు; అప్పింకను తీరలేదు. ఈసారి ఆమె అతనిని ఎదుట కూర్చుండబెట్టుకొని కంపెనీ పేరు పలుమారు పలికించి, అక్షరములు కూడబలుకుకొనుచు తలుపు వెనుక రంగుతో తానే వ్రాసికొన్నది. మొదట బొగ్గుతో వ్రాసినదట. వానకాలమున గోడ చెమ్మగిల్లి చెరిగిపోవునని దానిని తలుపునకు మార్చినది. ఆ వ్రాతలో రెండు తప్పులున్నవి. దిద్దెదమా అని అడిగినచో వద్దన్నది. ఫోను నెంబరులో తప్పు లేదు గదా యని మాత్రము రెండుమారులు సరిచూపించుకొన్నది.