మా ఊరి గదికి పట్టే టేబుల్

స్నూకర్ టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. క్యూ వెనక్కి లాగడానికి నాలుగు వైపులా ఐదేసి అడుగులు వదలాలి. అంటే 22 అడుగులకు 16 అడుగుల గది, మధ్యలో స్తంభం ఉండకూడదు. మా అనకాపల్లి బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అంత హాలు ఖాళీగా ఉంటే ముందు గోదాముకే అడుగుతారు.

ఈ లెక్క నాకు నేర్పింది టేబుళ్లు బిగించే ఒక మేస్త్రీ. ఐదు రాతిపలకలు పక్కపక్కన పేర్చి, అతుకులు పూడ్చి, లెవెల్ చూసుకుంటూ అన్నాడాయన: "మేడ మీదైతే నేను వెయ్యను బాబూ, స్లాబు పట్టదు." టన్ను దాటిన బరువు మరి! అప్పటిదాకా స్నూకర్ అంటే నాకు ఆటగాడి చెయ్యి, చూపు, ఓపిక. ఆ రోజు నుంచి గది కూడా కనిపిస్తోంది. ఎవరు ఆడాలో ముందు గదే తేల్చేస్తోంది.

ఈ ఆట పెద్ద గదుల్లోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ టేబుల్ మీదే స్నూకర్ మొదలెట్టారు. విశాఖలో వాల్తేరు క్లబ్ 1883 నాటిది. సభ్యత్వం ఉన్నవారి క్లబ్బుల్లో ఎదిగిన ఆట కాబట్టి స్థలం కొరత దానికి తెలియదు.

అయితే టేబుల్ ఎప్పుడూ ఒక్కలా లేదు. చెక్క ఉబ్బి వంకర పోతోందని 1820లలో లండన్‌లో జాన్ థర్స్టన్ రాతిపలక తెచ్చాడు. తర్వాత అంచులకు రబ్బరు వచ్చింది. అది చలికి బిగుసుకుపోతే వల్కనైజ్ చేసిన రబ్బరు వాడారు. అక్కడ చలి, మనకు చెమ్మ. వానాకాలంలో ఉన్ని గుడ్డ తేమ పీల్చి బంతిని పట్టేస్తుంది. పెద్ద టోర్నీల్లో పలక కింద హీటర్లు పెడతారు. మన పార్లర్‌లో కరెంటు బిల్లు చూసుకోవాలి కదా.

చిన్న గదికి పట్టే టేబులూ ఉంది. చైనాలో పుట్టిన హేబాల్ అనే క్యూ ఆటకు 9 అడుగుల టేబుల్ చాలు. సైజు పూల్‌ది, గుండ్రటి పాకెట్లు మాత్రం స్నూకర్‌వి. పూల్ బంతి 57 మిల్లీమీటర్లు, స్నూకర్ బంతి 52.5. పెద్ద బంతి, ఇరుకు పాకెట్: గురి కొంచెం తప్పినా బంతి బయటికే. గది 18 అడుగులకు 14 ఉంటే సరిపోతుంది, వంద చదరపు అడుగులు మిగులుతాయి. మా ఊళ్లో షట్టరు గదిలో నడిచే ఒక పార్లర్ నిలబడాలా, మూతపడాలా అన్నది ఆ వందే తేలుస్తుంది.

పోయేదీ ఉంది, అది చిన్నది కాదు. ఈ చివర నుంచి ఆ చివర ఎర్ర బంతిని కొట్టే లాంగ్ పాట్ 9 అడుగుల మీద రాదు. క్యూలో వెంట్రుకవాసి తేడా అంత దూరం వెళ్లేసరికి ఎంతవుతుందో పెద్ద టేబులే నేర్పాలి. అందుకే దాన్ని తీసెయ్యమని నేను అనను. ఛాంపియన్‌షిప్ దాని మీదే జరగాలి.

కానీ పోటీల మొదటి మెట్టు, జిల్లా స్థాయి, 9 అడుగుల టేబుల్ మీద పెట్టాలి. అనకాపల్లి 2022లో జిల్లా అయింది. జిల్లా కేంద్రంలో ఏ ప్రభుత్వ క్రీడా భవనంలోనో, కింది అంతస్తులో ఒక్క 12 అడుగుల టేబుల్ వేస్తే, షట్టర్లలో గెలిచిన పిల్లలు రాష్ట్ర పోటీలకు వెళ్లేముందు దాని మీద సాధన చేసుకుంటారు.