ఎవరి గాలి వారిదే!

ఇరవై రెండేళ్ల కాపురంలో అతని గురక ఆమెకు అలవాటైపోయింది. భయపెట్టేది గురక కాదు... అది ఉన్నట్టుండి ఆగిపోవడం. చీకట్లో లెక్కపెట్టేది. పది, పన్నెండు, పదిహేను... ఇక ఆగలేక ‘ఏమండీ’ అంటూ భుజం కుదిపేది. అతను ఉలిక్కిపడి ఊపిరి పీల్చుకుని అటు తిరిగి పడుకునేవాడు. తెల్లారితే ఏదీ గుర్తుండేది కాదు.

ఓరోజు సిగ్నల్ దగ్గర స్కూటర్ మీదే కునుకు పట్టేసింది. వెనక లారీ హారన్ కొడితేగానీ మెలకువ రాలేదు. అప్పుడు వెళ్లారు డాక్టరు దగ్గరికి. రాత్రంతా పరీక్ష చేస్తే తేలింది... గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమైనట్టే లెక్క. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతోంది. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ వాడాలన్నారు.

కొత్తది ఎందుకని, వాళ్లన్నయ్య ఇంట్లో మూలపడ్డ మెషిన్ తెచ్చిందామె. అందులో ఒత్తిడి 14 దగ్గరుంది. మొదటి రాత్రే కడుపు ఉబ్బిపోయింది. మాస్కు పక్కల నుంచి గాలి కళ్లలోకి కొట్టింది. మూడోరోజు తీసి పక్కన పడేశాడు. ‘చస్తే చస్తాను, ఇది నావల్ల కాదు!’ ఆ మాటకి ఆమె ఏడ్చేసింది.

‘ఒకరి కళ్లజోడు ఇంకొకరికి నప్పుతుందామ్మా?’ అన్నారు డాక్టరు. ఈ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. మామూలుగా 4 నుంచి 20 దాకా ఉంటుంది. తక్కువైతే దారి మూసుకుంటుంది. ఎక్కువైతే గాలి పొట్టలోకి పోతుంది. కొందరిలో ఊపిరి తీయమనే సంకేతమే మెదడు నుంచి తప్పిపోతుంది. సిడ్నీలో కోలిన్ సల్లివాన్ బృందం 1981లో ఈ వైద్యాన్ని ‘లాన్సెట్’ పత్రికలో వెల్లడించినప్పుడు, అయిదుగురు రోగులకు వాడింది 4.5 నుంచి 10 మాత్రమే. ఇప్పుడు ఒత్తిడిని తమంతట తామే సర్దుకునే మెషిన్లూ ఉన్నాయి. అయినా ఇతని విషయంలో ఓ రాత్రి ల్యాబ్‌లోనే చూద్దామన్నారు.

తలకు వైర్లు, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. టెక్నీషియన్ తలుపు వేయబోతుంటే ఆమె ఆపింది. ‘బాబూ, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువ ఆగుతుంది. అదీ తెల్లవారుజామున.’ అతను రాసుకున్నాడు.

4తో మొదలుపెట్టి, కాసేపు చూసి ఒక్కొక్కటే పెంచుతూ పోయాడు. 7 దగ్గర గురక తగ్గింది. 8 దగ్గర అంతా సవ్యంగానే కనిపించింది. ఆమె మాట గుర్తుంచుకుని తెల్లారేదాకా కళ్లు తెర మీదే ఉంచాడు. నాలుగింటికి అతను వెల్లకిలా తిరిగాడు. కలల నిద్ర. మళ్లీ ఊపిరి ఆగింది. 9... చాల్లేదు. 10 దగ్గర కుదుటపడింది. వెల్లకిలా, కలల నిద్రలో నిలబడిందే సరైన ఒత్తిడి అంటారు. ఇన్నేళ్లు ఆమె చీకట్లో చేసిన కాపలా అలా అక్కరకొచ్చింది.

ఇంట్లో మొదటి రాత్రి అలవాటు ప్రకారం రెండింటికి లేచింది. గురక లేదు. గుండె ఝల్లుమంది. చెయ్యి చాచి ఛాతీ మీద పెట్టింది. నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది.

తెల్లారి పాలబ్బాయి రెండుసార్లు బెల్లు కొట్టేదాకా ఆమెకు మెలకువ రాలేదు.