గమ్మునుండటంలో ఎన్ని రకాలు

మేము అక్కాతమ్ముళ్ళం. చింతామణి పక్కన ఒక పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా కన్నడ. తెలుగు అక్షరాలు మేము నేర్చుకున్నది ఉద్యోగాలకు వచ్చినాక, బెంగళూరు సిటీ బస్సుల్లో కూర్చొని. కన్నడ లిపి వచ్చినవాళ్ళకు తెలుగు లిపి దగ్గరి చుట్టమే, తలకట్టు చూసుకుంటే సగం చదివేయొచ్చు. మా రాతలో తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలని ముందే మనవి.

ఇద్దరం సాఫ్ట్‌వేర్ టెస్టర్లమే, వేరే వేరే కంపెనీల్లో. పోయిన మార్చిలో మాలో ఒకరి ఏడాది రివ్యూలో మేనేజరు ఒక ఇంగ్లీషు మాట రాసినాడు. పని బాగుంది, మనిషి మాత్రం 'రెటిసెంట్' అని. అది పొగడ్తో తిట్టో తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరం ఫోన్లో ఆ ఒక్క మాటను పట్టుకొని కూర్చున్నాం.

దాని మూలం లాటిన్. మాట్లాడకుండా ఉండు అనే క్రియలోంచి వచ్చింది. టాసిట్, టాసిటర్న్ అనేవి దీని తోబుట్టువులు. టాసిటర్న్ అంటే పుట్టుకతోనే మాట తక్కువైన మనిషి. రిజర్వ్‌డ్ అంటే నలుగురితో కొంచెం ఎడం పాటించే మనిషి. షై అంటే బిడియం. రెటిసెంట్ అచ్చంగా ఈ మూడూ కాదు. చెప్పాల్సింది లోపల ఉంది, తనకు తెలుసు కూడా, అయినా పెదవి దాటనీయడు. ఈ మధ్య కొందరు దాన్ని 'ఇష్టం లేక వెనకాడటం' అనే అర్థంలోనూ వాడుతున్నారు.

మన భాషలో దీనికి సరిసమానమైన ఒక్క మాట ఏది అని వెతికితే ఒకటి కాదు, గంపెడు దొరికినాయి. మితభాషి అంటే కొలిచి మాట్లాడేవాడు. నిగ్రహం అంటే కోపాన్నో ఆశనో పట్టి ఉంచటం. ముభావం అంటే లోపల ఏదో నచ్చక ముక్తసరిగా ఉండటం. గుట్టు అంటే ఇంటి సంగతి వీధిలో పడకుండా దాచుకోవటం. మొహమాటం అంటే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమో అని మింగేయటం. ఈ మొహమాటానికి కన్నడంలో మేము నేర్చుకున్న మాట 'దాక్షిణ్య'. తెలుగులో దాక్షిణ్యం అంటే దయ. సంస్కృతం మాట ఒకటే, ఏరు దాటేసరికి అర్థం పక్కకు జరిగింది.

వీటన్నిటికీ కలిపి మా పక్క ఊళ్ళలో ఉన్నది ఒకే మాట: గమ్మునుండు. బడిలో అదే 'సుమ్మనిరు'. ఇంట్లో అవ్వ 'నిండు కుండ తొణకదు' అనేది, బడిలో అయ్యవారు 'తుంబిద కొడ తుళుకువుదిల్ల' అనేవారు. రెండూ ఒకటే సామెత. మా తాలూకాలోనే కైవారం ఉంది. తెలుగులోనూ కన్నడలోనూ పాడిన కైవారం తాతయ్య, గురువు ఇచ్చిన గులకరాయిని నోట్లో పెట్టుకొని అది కలకండ అయ్యేదాకా జపం చేసినాడని అవ్వ కథ చెప్పేది. మేము గోల చేస్తే, 'నోట్లో రాయి ఉందనుకోండి' అనేది. రెండు భాషల్లోనూ గమ్మునుండేవాడే మంచివాడని మేము పెరిగినాం.

ఇప్పుడు ఆఫీసు సంగతి. డబ్బు వాపసు ఇచ్చే స్క్రీన్లో బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతోంది. మాలో ఒకరం అది చూసినాం, టికెట్లో రాసినాం. మీటింగులో 'ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా' అని అడిగితే మాత్రం నోరు తెరవలేదు. ఆ కోడ్ రాసినాయన వయసులో పెద్దవాడు, పదిమందిలో ఆయనకు చిన్నతనం అవుతుందని. రిలీజ్ పోయింది, అదే రాత్రి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మేనేజరు మర్యాదగా రెటిసెంట్ అని రాసినాడు గానీ, మా నిఘంటువులో అది దాక్షిణ్య. ఇంకా గట్టిగా చెప్పాలంటే తప్పు. టెస్టర్‌కు జీతం ఇచ్చేదే చెప్పటానికి.

ఇదే మాట మాకు ఇంట్లో ముందే తగిలి ఉండాలి. అంతకు ముందు దీపావళికి నాయనకు రెండు రాత్రులు గుండెలో పట్టేసినట్టు నొప్పి. ఎవరికీ చెప్పలేదు. సంగటి ముద్ద సగం వదిలేసినాడని అమ్మ కనిపెట్టి మాకు ఫోన్ చేసింది. రెండు రోజుల ముందే రావలసింది కదా అన్నాడు డాక్టరు. స్టెంట్ వేసినారు. మంచం పక్కన నిలబడి ఎందుకు చెప్పలేదని అడిగితే, 'మీకు పనులుంటాయి, ఊరికే గాబరా పెట్టటం ఎందుకని గమ్మునున్నా' అన్నాడు.

నాయన పట్టుపురుగుల రైతు. చిన్నప్పుడు తట్టల దగ్గర ఆయనే మాకు ఒకటి నేర్పినాడు. గూడు కట్టేలోపల పురుగుకు నాలుగు జ్వరాలు. జ్వరం అంటే నిజంగా జబ్బు కాదు, పొర విడిచే సమయం. అప్పుడు ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని కదిలించకూడదు, ఆకు వేయకూడదు. సప్పె రోగం వచ్చిన పురుగు కూడా ఆకు ముట్టదు, కదలదు. కానీ ఒళ్ళు మెత్తబడి ఉంటుంది. దాన్ని వెంటనే ఏరి పారేయకపోతే తట్టంతా పోతుంది. దూరం నుంచి చూస్తే రెండూ గమ్మునున్న పురుగులే. దగ్గరికి వంగి చూసినవాడికే తేడా.

పురుగుల్లో ఆ తేడా అంత బాగా తెలిసిన మనిషి తన ఒంట్లో చూసుకోలేదు. ఆయన పిల్లలం మేమూ అంతే. బెంగళూరు నుంచి వారానికి ఒకసారి ఫోన్ చేసి, 'బాగున్నా' అంటే బాగున్నాడనుకొని పెట్టేసేవాళ్ళం.

మాట తక్కువగా ఉండటం తప్పని మేము అనటం లేదు. అవ్వ సామెత అబద్ధం కాదు. ఇంటి గుట్టు గుట్టుగానే ఉండాలి, కోపం వచ్చినప్పుడు నిగ్రహమే మేలు. అయితే ఎదుటివాడికి నష్టం జరిగేచోట, మన ఒంటికి ముప్పు ఉన్నచోట ఆ పేర్లు చెప్పుకొని దాక్కోకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఎవరో ఒకరం ఫోన్ చేస్తాం. నాయన 'ఊ' అని గమ్మునుంటే అడుగుతాం: "నాయనా, జ్వరమా, సప్పెనా?"

ఆయన నవ్వుతాడు. నవ్వినాక, ఆ రోజు మోకాలు ఎంత నొప్పి పెట్టిందో చెప్తాడు.