సాక్ష్యంలో మేము దాచుకున్న మాట



వర్షాలు మొదలైన దగ్గరనుండి మా గ్రామంలో దగ్గు వినబడని ఇల్లు లేదు. ఆదివారం వాక్యం చెబుతుంటే ముందు చాపల మీద కూర్చున్న సండేస్కూల్ పిల్లల దగ్గులే ఎక్కువగా వినబడుతున్నాయి. పిల్లలను అమ్మమ్మల దగ్గర విడిచి గల్ఫ్ దేశాలలో పని చేసుకుంటున్న మన తల్లులు ఫోన్ చేసి, "అయ్యగారండీ, బాబుకి జ్వరమంటండి, ప్రార్థన చేయండి" అని అడుగుతున్నారు. తప్పక చేస్తున్నాము. అయితే ఈసారి ప్రార్థనతో పాటు మీ ఎదుట ఒక సంగతి ఒప్పుకోవలసియున్నది. ఆ బాబు తల్లి అనుమతితోనే వ్రాస్తున్నాము.

గత ఏడాది ఆగస్టు నెల. శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతూ ఉంది. మన సంఘంలోని ఒక పెద్దమ్మ మూడేళ్ల మనవడిని దుప్పటిలో చుట్టి తీసుకొని వచ్చింది. బాబు తల్లి కువైట్‌లో ఉంది. "నాలుగు రోజులైందండి జ్వరం. మీరు చెయ్యేసి ప్రార్థన చేస్తే తగ్గిపోద్దండి" అన్నది. మేము నూనె రాసి, తల మీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టాము. చేతి కింద తల పెనంలా కాలిపోతూ ఉంది. వాడు ఏడవడం లేదు. అప్పుడు మేము దానిని మంచి గురుతు అనుకున్నాము.

మన సంఘంలో ఆశా కార్యకర్తగా పని చేస్తున్న సహోదరి వెనుక వరుసలోనుండి లేచి వచ్చి దుప్పటి తీసింది. చొక్కా పైకెత్తి, ఫోన్‌లో గడియారం పెట్టుకొని ఒక నిమిషం పాటు వాడి ఊపిరి లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతూ ఉంది. "అయ్యగారూ, ఆమేన్ తర్వాత చెప్పుకుందామండి. ముందు 108కి ఫోన్ చెయ్యండి" అన్నది. మేము కళ్లు తెరిచాము.

ఏరియా ఆసుపత్రిలో వేలికి యంత్రం పెట్టి చూస్తే ఆక్సిజన్ 89 ఉంది. డాక్టరుగారు అమ్మమ్మను, "ఇన్ని రోజులు ఏ మందు వేశారమ్మా?" అని అడిగారు. ఆమె మా వైపు చూసింది. "మందేమీ వెయ్యలేదండి. అయ్యగారి పాపకి కూడా మందు లేకుండానే తగ్గిందన్నారు గదండీ. నేనూ అలాగే నమ్మేనండి" అన్నది. ఆ మాటలో మా మీద నింద లేదు. అందుకే మాకు మరింత లోతుగా గుచ్చుకున్నది.

దానికి నెల రోజుల ముందు ఆరాధనలో మేము ఒక సాక్ష్యం చెప్పాము. మా చిన్న పాపకు రాత్రి జ్వరం వచ్చింది. మోకాళ్లూని తెల్లవారువరకు ప్రార్థించాము. ఉదయానికి జ్వరం విడిచింది. సంఘమంతా హల్లెలూయా అన్నారు. ఆ సాక్ష్యంలో అబద్ధం లేదు. కానీ ఆ రాత్రి తొమ్మిది గంటలకు, మళ్లీ మూడు గంటలకు, మా శ్రీమతి పాపకు పారాసిటమాల్ సిరప్ పోసింది. ఆ ఒక్క మాట మేము చెప్పలేదు. చెబితే సాక్ష్యం బలహీనపడుతుందేమో అనుకున్నాము. అననీయ, సప్పీరా పొలం అమ్మి, వెలలో కొంత దాచుకొని, మిగిలినదే మొత్తమన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. ఎన్నిసార్లో ఆ భాగం మీద ప్రసంగించాము. మేము దాచుకున్నది డబ్బు కాదు, సిరప్ సీసా.

ఆ రాత్రి కువైట్‌కు ఫోన్ చేశాము. ఆ తల్లి చాలాసేపు ఏడ్చి చివరికి ఒకే మాట అన్నది: "మందులకి డబ్బులు నేను పంపేనండి, అయ్యగారండీ." మా దగ్గర జవాబు లేదు.

బాబుకు డెంగీకి, మలేరియాకు రక్తపరీక్షలు చేశారు. అవి కావు. ఎక్స్‌రేలో కుడివైపు న్యుమోనియా కనబడింది. ముక్కులోనుండి దూదిపుల్లతో నమూనా తీసి పంపారు. ఫలితం మూడో రోజు వచ్చింది: ఇన్‌ఫ్లుయెంజా ఎ. డాక్టరుగారు ఫలితం కోసం ఆగకుండా ఆ రాత్రే ఒసెల్టామివిర్ మొదలుపెట్టారు. ఆ మందు లక్షణాలు మొదలైన 48 గంటలలోపు వేస్తే బాగా పని చేస్తుందట. ఆలస్యమైనా, ఆసుపత్రిలో చేర్చవలసినంత జబ్బుగా ఉంటే వేస్తారు. ఆక్సిజన్ పెట్టారు, న్యుమోనియాకు యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆరు రోజులకు దేవుడు వాడిని మాకు తిరిగి ఇచ్చాడు. వాడి అమ్మమ్మ, "దేవుడే బతికించేడండి" అన్నది. అవును. ఆశా సహోదరి చేతితో, డాక్టరుగారి చేతితో, ఆక్సిజన్ గొట్టంతో బతికించాడు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ప్రార్థించినప్పుడు దేవుడు విన్నాడు, పదునైదు సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. జవాబు వచ్చిన తర్వాత కూడా మందు వేశారు. పౌలుతో ప్రయాణం చేసిన లూకా వైద్యుడు. పౌలు అతనిని వృత్తి మానమని చెప్పినట్టు ఎక్కడా లేదు.

1918లో ఇదే జాతి వ్యాధి ప్రపంచమంతా వ్యాపించినప్పుడు మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు. అప్పటికి అది ఏ క్రిమి వల్ల వస్తుందో కూడా తెలియదు. మనుషులలో ఈ వైరస్‌ను కనుగొన్నది 1933లో. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడినది మన హైదరాబాదులోనే. ఆనాటికి పరీక్ష ఉంది, మందు ఉంది. మన ముత్తాతలకు లేని జ్ఞానాన్ని దేవుడు మన తరానికి అనుగ్రహించాడు. దానిని తోసివేయడం విశ్వాసం కాదు.

కాబట్టి డాక్టరుగారి దగ్గర, మన ఆశా సహోదరి దగ్గర మేము నేర్చుకున్నవి మీకు చెబుతున్నాము.

మామూలు జలుబు మెల్లగా వస్తుంది. ఫ్లూ ఒక్కసారిగా మీద పడుతుంది: ఎక్కువ జ్వరం, పొడి దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం. చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు కూడా కావచ్చు. ఈ కాలంలో డెంగీ, మలేరియా కూడా ఉంటాయి గనుక "ఇది ఫ్లూయేలే" అని ఇంట్లో మనమే తీర్పు చెప్పకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు, ఆయాసం, గుండెజబ్బు ఉన్న పిల్లలకు మొదటి రోజే డాక్టరుకు చూపించండి. మూడు నెలలు నిండని పసిబిడ్డకు జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటి చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుండి 150. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. సిరప్‌లలో బలం ఒకటే ఉండదు. అయిదు మిల్లీలీటర్లలో 125 ఉన్నవి ఉంటాయి, 250 ఉన్నవి ఉంటాయి. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. సీసా మీది అంకె చదవడం రాకపోతే చదివించుకోండి. ఆస్పిరిన్ పిల్లలకు ఎప్పుడూ వద్దు. ఫ్లూలో అది మెదడుకు, కాలేయానికి ప్రాణాంతకమైన హాని చేయవచ్చు. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు. న్యుమోనియా వంటిది తోడైనప్పుడు డాక్టరు నిర్ణయిస్తారు. "ఒక సూది వేసెయ్యండి" అని మనం అడగవద్దు. దగ్గు సిరప్‌లు చిన్నపిల్లలకు సొంతంగా కొని పోయవద్దు. ఏడాది దాటిన బిడ్డకు కొంచెం తేనె నాకించవచ్చు, ఏడాదిలోపు వద్దు. తల్లిపాలు మానకండి. గంజి, మజ్జిగ, కాచిన నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించండి. దుప్పట్లతో చుట్టకండి.

ఇక ప్రమాద గురుతులు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఏడాది నుండి అయిదేళ్లవరకు 40 లేక అంతకు మించితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, తాగకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. జ్వరం తగ్గి, రెండు రోజులకు మళ్లీ తిరగబెట్టినా తేలికగా తీసుకోవద్దు. ఏడవని బిడ్డ నెమ్మదించిన బిడ్డ అనుకోకండి. మేము అలాగే అనుకున్నాము.

రాకుండా చూచుకోవడం అన్నిటికంటె మేలు. చేతులు సబ్బుతో కడగడం, మోచేతిలో దగ్గడం పిల్లలకు నేర్పించండి. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన తర్వాత అయిదేళ్లవరకు ఏటా వేయించమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారి సలహా. వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఏటా వేయాలి. మొదటిసారి నెల తేడాతో రెండు మోతాదులు. వర్షాకాలానికి ముందే అయితే మంచిది. గర్భిణీ తల్లి వేయించుకుంటే పుట్టబోయే బిడ్డకు కూడా కొన్ని నెలలు కాపుదల. అయితే పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలలో ఇది లేదు, డబ్బు అవుతుంది. అందుకని మన సంఘపు పేదల నిధిలోనుండి తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలకు సాయం చేయాలని పెద్దలందరం తీర్మానించాము.

ఇంకా కొన్ని మార్చాము. జ్వరమున్న పిల్లలను ప్రార్థనకు తీసుకొని రావద్దు, మేమే మీ ఇంటికి వస్తాము. జ్వరం మందు వేయకుండానే ఒక రోజంతా తగ్గి ఉన్న తర్వాతనే సండేస్కూల్‌కు పంపండి. లేవీయకాండములో రోగిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచిన క్రమం మనకు తెలిసినదే. ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్రకు బదులు చిన్న గిన్నెలు పెట్టాము. ప్రార్థనకు ఎవరు పిలిచినా, "మందు వేశారా? డాక్టరుకు చూపించారా?" అని మొదట అడుగుతున్నాము.

బాబు ఇంటికి వచ్చిన ఆదివారం మేము పులిపీఠం దగ్గర నిలబడి పాత సాక్ష్యమే మళ్లీ చెప్పాము. ఈసారి తొమ్మిది గంటల సిరప్, మూడు గంటల సిరప్ కూడా చెప్పాము. ఎవరూ హల్లెలూయా అనలేదు. తర్వాత ఆ అమ్మమ్మ మా దగ్గరకు వచ్చి, "సీసా మీద అంకెలు నాకూ చూపించండయ్యగారూ" అన్నది. ఆమెకు చదువు రాదు. మా శ్రీమతి మందు గిన్నె మీద రంగు పెన్నుతో గీత గీసి ఇచ్చింది.

యాయీరు కుమార్తెను లేపిన తర్వాత ప్రభువు ఆమెకు తినడానికి ఏదైనా పెట్టుమని చెప్పాడు. మరణాన్ని జయించినవాడు బిడ్డ ఆకలిని మరచిపోలేదు. మనము కూడా ప్రార్థించి లేచిన తర్వాత చేయవలసినది మరచిపోకూడదు. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.