చక్కెర తెచ్చే రంగు

‘నల్లగ అయ్యెతందుకు పైసలిస్తరా బిడ్డా?’ దుబాయికి వెళ్లిన కొత్తలో అమ్మ ఫోన్లో అడిగిన మాట ఇది. ఇస్తారమ్మా, మంచిగానే ఇస్తారని చెప్పాను. మా ఊరు బోధన్‌లో ఎండకు కమిలిన ముఖం తెల్లబరచమని వచ్చేవాళ్లే నాకు తెలుసు. అక్కడ సెలూన్‌కు వచ్చే తెల్లదొరసానులకు ఎండలో పడుకోకుండానే ఎండ రంగు కావాలి. ఏడేళ్లు ఆ పనే చేశాను.

మొదటి నెలలోనే బోల్తా పడ్డాను. పొద్దున కాళ్లకు వ్యాక్స్ చేసి, మధ్యాహ్నం అదే కాళ్లకు ట్యాన్ మూస్, అంటే నురగలాంటి రంగు పూత పూశాను. తెల్లారేసరికి ఒక్కో రోమరంధ్రంలో ఒక్కో నల్ల చుక్క. మోకాళ్లు, చీలమండలు అచ్చం పసుపు కొమ్ములు. చేతికి తొడుక్కునే మిట్ లేకుండా పూశాను కాబట్టి నా అరచేతులదీ అదే గతి. మా సీనియర్ ఫిలిపీన్స్ అక్క ఆ తప్పు తన మీద వేసుకుంది. కస్టమర్ కాళ్లను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, మెల్లగా రుద్ది చాలావరకు వదిలించింది. ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, ‘పూయడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ తగ్గించాలో నేర్చుకో’ అంది. నాకు ఈ పని నేర్పిన గురువు ఆమే.

ఈ రంగు పూతల్లో పనిచేసేది డైహైడ్రాక్సీఅసిటోన్. మేం డీహెచ్‌ఏ అంటాం. అదొక చిన్న చక్కెర. చర్మం పైపొరలో చచ్చిన కణాల ప్రొటీన్లతో కలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. జొన్నరొట్టె పెనం మీద ఎర్రబడేది కూడా ఇలాంటి చర్యతోనే. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు జబ్బు పిల్లలకు దీన్ని తాగించి చూస్తుంటే, ఒలికినచోట చర్మం రంగు మారింది, బట్టలకు మాత్రం అంటలేదు. అట్లా బయటపడిన సంగతి ఇది. ఇదంతా నాన్నకు చెబితే నవ్వాడు. ఆయన మా బోధన్ శక్కర్‌నగర్‌లో, 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చక్కెర వండే పాన్ మీద పనిచేసినవాడు. ‘చక్కెర రంగు తిరగకుండ చూసుడే మా కొలువు. నువ్వేమో రంగు తిప్పి బతుకుతున్నవా?’ అన్నాడు.

ఇక పని చెబుతాను, గుర్తుపెట్టుకో. ఒకే సీసాతో ఒళ్లంతా పూస్తే రంగు సమంగా రాదు. చర్మం మందంగా, పొడిగా ఉన్నచోట ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే ఒంటికి మూస్, ముఖానికి ట్యాన్ డ్రాప్స్. డ్రాప్స్‌ను మాయిశ్చరైజర్‌లో రెండు మూడు చుక్కలు కలిపి రాస్తే చాలు. మోచేతులు, మోకాళ్లు, మణికట్టు, చీలమండలకు ముందు మామూలు క్రీము పలచగా రాయాలి. తర్వాత మిట్‌కు మిగిలిన తడితో తుడిచినట్టు పోవాలి. చేతుల మీద ఒక పంపు మూస్‌కు రెండు పంపుల లోషన్. మూడో రోజు నుంచి కొద్దికొద్దిగా రంగు ఇచ్చే గ్రాడ్యువల్ లోషన్ రాస్తుంటే రంగు పెచ్చులు పెచ్చులుగా కాకుండా మెల్లగా పోతుంది. ఎరిత్రులోజ్ అని ఇంకో చక్కెర ఉంది. దాని రంగు నిదానంగా తేలుతుంది. డీహెచ్‌ఏతో కలిసి ఉన్న సరుకు దొరికితే రంగు మరింత సహజంగా వస్తుంది. ఏవి కలిపినా అండర్‌టోన్, అంటే అడుగు రంగు, ఒకటే ఉండాలి. ఒకటి పచ్చ బేస్, ఇంకోటి ఎర్ర బేస్ అయితే ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది అన్నట్టుంటుంది.

నాకు మొదటి పేరు తెచ్చింది ఒక పెళ్లికూతురు. భుజాల మీద స్విమ్‌సూట్ పట్టీల తెల్ల చారలతో వచ్చింది. ఒంటికి ఏమీ పూయకుండా, ముందురోజు సన్న బ్రష్‌తో ఆ చారల మీదే పూశాను. రంగు తేలాక రెండోరోజు ఒళ్లంతా ఒక్క పలచటి పూత. చారలు ఎక్కడున్నాయో నాకే దొరకలేదు. ఫిలిపీన్స్ అక్క ఏమీ అనలేదు. తర్వాతి కస్టమర్‌ను నాకే అప్పజెప్పింది.

తిరిగొచ్చి బోధన్‌లో పార్లర్ పెట్టేనాటికి ఫ్యాక్టరీ మూతపడి ఉంది. 2015 డిసెంబర్‌లోనే ఆపేశారు. నా ట్యాన్ సీసాలు అలమారాలో పడి ఉన్నాయి. ఈ ఊళ్లో ఎవరికి కావాలి? ఒకరోజు ఒకమ్మాయి చున్నీ కింద చేతులు దాచుకుని వచ్చింది. చేతుల మీద తెల్ల మచ్చలు, నెలలో పెళ్లి. మచ్చల సంగతి పెళ్లికొడుక్కు తెలుసు. ‘ఫొటోల కోసమే అక్కా’ అంది. బొల్లి మచ్చలను కప్పడానికి డీహెచ్‌ఏ వాడతారని దుబాయిలో విన్నాను. అది మందు కాదు, మచ్చ తగ్గదు. ముందు నిజామాబాద్‌లో చర్మం డాక్టర్‌ను అడిగి రమ్మన్నాను. డాక్టర్ సరేనన్నాక ఒక చిన్న మచ్చ మీద మూడు చుక్కలు పెట్టాను. ఒకటి ఉత్త మూస్, ఒకటి సగం లోషన్ కలిపింది, ఒకటి మూడో వంతు మూసే ఉన్నది. మరునాటికి దురద లేదు. నడిమి చుక్క ఆమె రంగుకు దగ్గరగా వచ్చింది. పెళ్లికి ముందు పరీక్షగా, చెవి పుల్లతో మచ్చ అంచుకు వెంట్రుకవాసి లోపలే ఆపుతూ పూశాను. అంచు దాటితే మచ్చ చుట్టూ నల్ల గీత పడుతుంది. ఆరు గంటలయ్యాక రెండో పూత.

పెళ్లి నలుగు సంగతి మాత్రం నాకు తట్టలేదు. నలుగుపిండితో రుద్దితే ఆ రంగంతా పోతుంది కదా! గుర్తుచేసింది ఆ అమ్మాయి మేనత్త. తలపట్టుకున్నాను. కాసేపటికి తెలిసింది, నలుగుకు మించిన స్క్రబ్ ఏముంది? లెక్క మార్చాను. పెళ్లి ముందురోజు పొద్దున నలుగు, తర్వాత సబ్బుతో నూనె జిడ్డంతా వదిలేలా స్నానం, చేతులు బాగా ఆరాక పూత. రాత్రికి రెండో పూత, పొద్దుటి దాకా నీళ్లు తగలనీయలేదు. తాళి కట్టేవేళకు ఆమె చేతులు చున్నీ కింద లేవు.

నేర్చుకోవాలని ఉంటే ముందు నీ కాలి మీద పూసుకుని చూడు. ప్యాచ్ టెస్ట్‌కు ఒక రోజు, వ్యాక్స్‌కూ పూతకూ మధ్య ఒక రోజు వదులు. కళ్లకు, పెదవులకు తగలనీయకు. ఈ రంగు ఎండను ఆపదు, తెల్ల మచ్చ మీద సన్‌స్క్రీన్ తప్పనిసరి. వారం తిరిగేసరికి రంగు పోతుంది. ఆ మాట డబ్బు తీసుకోకముందే చెప్పు.