బండి ముందు షాకుల్లో నూనె సంగతి

పోస్టు కొంచెం పొడుగే. కానీ ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని చేను కాడికి పోయే ప్రతి ఒక్కరూ చదవాల్సింది.

పోయినేడు మిరప కోతలప్పుడు మా ఆవిడ బండి మీద నుంచి పడింది. అందరూ రోడ్డును తిట్టారు. తప్పు మాత్రం నాది.

అంతకు ముందు నా బండి ముందు షాకుల్లో నూనె కారిపోయి, గుంతలో పడితే చాలు నాలుగైదు సార్లు ఉయ్యాల ఊగినట్టు ఊగేది. మెకానిక్ సీళ్లు మార్చాడు. ఫోర్క్ ఆయిల్ కూడా కొనమంటే, డబ్బు దండగ అని ట్రాక్టర్‌కి పోయగా మిగిలిన ఇంజన్ ఆయిల్ నేనే పోసుకున్నా. నూనె ఏదైతే ఏందిలే అనుకున్నా.

ఊగడం ఆగింది. సంబరపడ్డా. పది రోజుల తర్వాత మార్కాపురం పోతుంటే వరసగా మూడు గుంతలొచ్చాయి. మొదటి దానికి షాకులు కిందికి దిగాయి. నూనె మరీ చిక్కన కావడంతో, అవి పైకి లేవకముందే రెండోది, ఆ వెంటనే మూడోది. ఇక దిగడానికి చోటు లేదు. హ్యాండిల్ చేతుల్లో ఎగిరింది. వెనక ఆమె లేదు. మోచెయ్యి విరిగి, ఆ సీజనంతా చేలోకి రాలేకపోయింది.

తర్వాత మెకానిక్ కుర్రాడు చెప్పాడు: "బాబాయ్, బరువు మోసేది స్ప్రింగు. ఊపు ఆపేది నూనె." నొక్కుకున్న స్ప్రింగు తిరిగి తంతుంది. అప్పుడు నూనె సన్న రంధ్రాల్లోంచి పోవాలి. పోయేటప్పుడు పొరకు పొర రాసుకుని, ఆ ఊపులో ఉన్న శక్తి వేడిగా మారిపోద్ది. పల్చన అయితే ఊగుతానే ఉంటది. మరీ చిక్కన అయితే తిరిగి లేవదు. రెండూ ప్రమాదమే.

ఇంటికొచ్చి మనవడితో కలిసి చూశా. చిన్న నట్టును దారానికి కట్టి ఊపితే గాలిలో చాలాసేపు ఊగింది. నీళ్ల గిన్నెలో కొన్ని ఊపులకే ఆగింది. ఆముదంలో అవతలి పక్కకు పోనే లేదు, మెల్లగా మధ్యకొచ్చి నిలబడింది. ఆముదం నీళ్లకన్నా కొన్ని వందల రెట్లు చిక్కన మరి. అదే ఆముదాన్ని వేడి చేస్తే మళ్లీ అటూ ఇటూ ఊగింది. అంటే మే నెల ఎండలో నూనె పల్చబడుద్ది, చలికాలం పొద్దున గట్టిపడుద్ది.

చిక్కదనాన్ని పుస్తకాల్లో స్నిగ్ధత అన్నారు. ఇంటర్‌లో చదివిన స్టోక్స్ గుర్తున్నాడా? ఆయన 1851లో అచ్చేసిన పరిశోధన దీని మీదే. గాలి, నీళ్ల లాంటి వాటి స్నిగ్ధత లోలకం ఊపును ఎట్లా తగ్గిస్తదో లెక్క కట్టాడు. పరీక్షకు బట్టీ పట్టాను గానీ బండికి పనికొస్తదని అప్పుడు తెలియలేదు.

డ్రిప్ ఫిల్టర్ దగ్గర కొన్ని ప్రెషర్ గేజుల్లో గ్లిజరిన్ ఉంటది చూడండి, అదీ ఇందుకే. అది కారిపోతే మోటారు అదురుకు ముల్లు వణుకుతా ఉంటది, రీడింగ్ కనపడదు.

ఇక మీరు చేయాల్సింది. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడు సార్లు ఊగితే నూనె పోయినట్టు. నిదానంగా లేస్తే చిక్కన ఎక్కువైనట్టు. షాకు రాడ్డు మీద నూనె తడి కనపడితే సీలు కారుతున్నట్టే. ఆ నూనె బ్రేకు మీద పడితే ఇంకా ప్రమాదం. బండి పుస్తకంలో చెప్పిన గ్రేడే, చెప్పినన్ని మిల్లీలీటర్లే, రెండు పక్కలా సమానంగా పోయించండి. ఇంట్లో మిగిలింది వద్దు.

మా ఆవిడ చెయ్యి అతుక్కుంది గానీ, బుట్ట ఎత్తితే ఇప్పటికీ లాగుద్దంట. ఇప్పుడు బండెక్కే ముందు నన్ను బ్రేకు పట్టుకోమని, హ్యాండిల్ తనే నొక్కి చూసుద్ది. ఒక్కసారి లేచి ఆగితేనే ఎక్కుతుంది.